ఎర్లీ యాక్సెస్‌లో ఇండీ గేమ్ కొనొచ్చా? ఏ డెవలపర్‌ని నమ్మాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇన్నాళ్లూ జీటీఏ, ఫీఫా లాంటి పెద్ద గేమ్‌లే ఆడారు, ఇప్పుడు ఇండీ గేమ్‌లు, అంటే చిన్న బృందాలు సొంతంగా తీసేవి, మొదలుపెడదామని ఉంది. 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్. బడ్జెట్ రెండు వేల లోపు. ఎర్లీ యాక్సెస్‌లో ఉన్నవి (పూర్తికాకముందే అమ్మకానికి పెట్టినవి) కొనొచ్చా, చిన్న డెవలపర్లలో ఎవర్ని నమ్మొచ్చు, ఫోన్‌లో ఆడుకోవడానికి ఏమైనా ఉన్నాయా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈరోజు డౌన్‌లోడ్ అయ్యే బిల్డ్ (గేమ్ ఇప్పుడున్న రూపం) ఈరోజు అడుగుతున్న ధరకు గిట్టుబాటు అనిపిస్తేనే కొనండి. ముందుముందు చేరుస్తామని రోడ్‌మ్యాప్‌లో రాసినవాటికి రూపాయి కూడా విలువ కట్టొద్దు. డెవలపర్ ఎలాంటివాడో ట్రైలర్లూ ఇంటర్వ్యూలూ చెప్పవు, ప్రతి ప్యాచ్‌తో (సవరణతో) పాటు ఏం మార్చారో రాసే ప్యాచ్ నోట్స్ చెప్తాయి. మొదటి కొనుగోళ్లకు నా ఓటు బలాట్రో, హాలో నైట్, సెలెస్ట్. మూడూ పూర్తయిన గేమ్‌లే, మీ లాప్‌టాప్ మీద నడుస్తాయి. సేల్‌లో తీసుకుంటే మూడూ కలిపి మీ బడ్జెట్‌లో పడతాయి.

ఇక వివరాలు.

ఎర్లీ యాక్సెస్ అంటే బ్రోచర్ చూసి ఫ్లాట్ బుక్ చేసుకోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ రెరా లేదు. ఈ గేమ్ ఇంకా మారొచ్చు, మారకపోవచ్చు, ఇప్పుడున్న రూపంలో నచ్చకపోతే ఆగండి అని పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ ఆ గేమ్ పేజీలోనే రాసి పెడుతుంది. ఎవరూ చదవరు. ద డే బిఫోర్ అనే గేమ్ ఒక దశలో స్టీమ్ విష్‌లిస్టుల్లో అన్నిటికంటే పైన ఉండేది. 2023 డిసెంబర్ 7న ఎర్లీ యాక్సెస్‌లో వచ్చింది. నాలుగు రోజులకే, 11వ తేదీన, దాన్ని తీసిన స్టూడియో మూసేస్తున్నామని ప్రకటించింది. వెనక పెద్ద పబ్లిషర్ ఉంటే భద్రం అనుకోవడానికీ లేదు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 వెనక టేక్-టూ అంతటి సంస్థ ఉంది. 2023 ఫిబ్రవరిలో 50 డాలర్లకు ఎర్లీ యాక్సెస్‌లోకి వదిలారు, మరుసటి ఏడాది ఆ స్టూడియోనే మూతపడింది.

అలాగని ఈ పద్ధతే మోసం అనను. కార్డులతో పోరాడే గేమ్ స్లే ద స్పైర్ 2017 నవంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చి 2019 జనవరిలో పూర్తయింది. దాన్ని తీసిన మెగా క్రిట్ వాళ్లు ఆ మధ్యకాలంలో వారం వారం ప్యాచ్ వదిలారు, ఏ కార్డు ఎంతమంది ఎంచుకుంటున్నారు, ఎంచుకున్నవాళ్లు ఎంతమంది గెలుస్తున్నారు అన్న లెక్కలు చూసి కార్డుల్ని సరిచేశారు. సూపర్‌జయంట్ వాళ్ల హేడిస్ 2018 డిసెంబర్‌లో మొదలై 2020 సెప్టెంబర్‌లో 1.0, అంటే పూర్తి గేమ్, అయింది. డెడ్ సెల్స్‌దీ అదే దారి.

ఈ మూడింట్లో ఉమ్మడి విషయం గమనించారా? మూడూ రోగ్‌లైక్‌లు. చనిపోతే మళ్లీ మొదటి నుంచి, ప్రతిసారీ కొత్త అమరిక. గేమ్‌లో సగమే తయారై ఉన్నా ఆ సగాన్ని యాభైసార్లు ఆడొచ్చు, తర్వాత కొత్త ప్రాంతం వచ్చి చేరితే అది అదనపు లాభం. కథ మీద నడిచే గేమ్‌కు ఇది కుదరదు. సగం కథ చదివి ఏడాది ఆగితే, మిగతా సగం వచ్చేసరికి ఎవరు ఎవరో మరిచిపోతాం. అందుకే నా నియమం: రోగ్‌లైక్, ఫ్యాక్టరీ, సర్వైవల్ గేమ్‌లైతే ఎర్లీ యాక్సెస్‌లో ఆలోచించొచ్చు. కథ ప్రధానమైతే 1.0 దాకా ఆగాల్సిందే. చిన్న స్టూడియో తీసిన ఆన్‌లైన్ మల్టీప్లేయర్ అయితే అసలు వద్దు. సర్వర్‌లో జనం లేకపోతే గేమ్ ఎంత బాగున్నా ఆడటానికి పక్కన ఎవరూ ఉండరు. మన దేశం నుంచి పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) సంగతి సరేసరి.

స్టోర్ పేజీ చదివే పద్ధతి కూడా చెప్తాను. పది నిమిషాల పని.

మొదట అప్‌డేట్ హిస్టరీ తెరవండి. అందులో సేల్ ప్రకటనలు, స్క్రీన్‌షాట్ పోటీలు, అవార్డులకు ఓటేయమని అడిగే పోస్టులు వదిలేయండి. అసలు ప్యాచ్‌లు మాత్రమే లెక్కపెట్టి, చివరి ఐదారింటి మధ్య ఎంత వ్యవధి ఉందో చూడండి. మూడు వారాలు, నాలుగు వారాలు, ఐదు వారాలు అని ఉంటే మామూలే. నెల, మూడు నెలలు, ఏడు నెలలు అని సాగుతూ పోతుంటే ఆ టీమ్ ఇంకో పని చూసుకుంటోందని అర్థం. చాలాకాలంగా అప్‌డేట్ లేని ఎర్లీ యాక్సెస్ గేమ్‌ల పేజీలో 2025 ఫిబ్రవరి నుంచి స్టీమే ఒక హెచ్చరిక పెడుతోంది. అది కనిపిస్తే పేజీ మూసేయండి.

తర్వాత అదే పేజీలో డెవలపర్ నింపిన ప్రశ్నోత్తరాలు ఉంటాయి. ఎర్లీ యాక్సెస్ ఎంతకాలం అన్నచోట సుమారు 12 నెలలు అని రాసి, విడుదల తేదీ చూస్తే మూడేళ్ల కిందటిది ఉంటుంది. ఆలస్యం తప్పేమీ కాదు. కానీ ఆ సమాధానాన్ని మార్చి రాయాలన్న ఆలోచన కూడా రాని మనిషి మిగతా మాటలు ఎంత పట్టించుకుంటాడు?

రివ్యూల్లో మొత్తం శాతాన్ని నమ్ముకోకండి. ఆడిన సమయం ఫిల్టర్‌ను 20 గంటల పైకి పెట్టి, నెగెటివ్ మాత్రమే, కొత్తవి ముందు వచ్చేలా చూడండి. ఇరవై గంటలు ఆడి మరీ బాగాలేదన్నవాళ్లు గేమ్ ఎక్కడ అయిపోతుందో, ఎక్కడ సేవ్ ఫైల్ చెడిపోతోందో కచ్చితంగా రాస్తారు. అరగంట ఆడి తిట్టినవాళ్లవి చాలావరకు వాళ్ల కంప్యూటర్ సమస్యలు.

ప్యాచ్ నోట్స్‌లో ఏం చూడాలి? బగ్‌లు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం అని రెండు లైన్లు రాస్తే దాన్నుంచి ఏమీ తెలియదు. ఏ శత్రువు దెబ్బ ఎంత నుంచి ఎంతకు తగ్గింది, ఎందుకు తగ్గించాం అని రాసేవాళ్లు తమ గేమ్ తాము ఆడుతున్నవాళ్లు.

ఇక డెవలపర్ల గురించి నా అభిప్రాయాలు. మీరు ఒప్పుకోకపోవచ్చు.

మాట మీద నిలబడటంలో వూబ్ సాఫ్ట్‌వేర్ వాళ్లను మించినవాళ్లు నాకు కనిపించలేదు. ప్రేగ్‌లో ఉంటారు, ఫ్యాక్టరీ కట్టే గేమ్ ఫ్యాక్టోరియో వాళ్లదే. ఆ గేమ్‌ను ఎప్పుడూ డిస్కౌంట్‌లో అమ్మలేదు, అమ్మబోమని ముందే చెప్పారు. పైగా 2023 జనవరిలో ద్రవ్యోల్బణం పేరు చెప్పి 30 డాలర్ల నుంచి 35కు పెంచారు. చాలామంది తిట్టుకున్నారు. నాకైతే ఇదే నిజాయితీ అనిపిస్తుంది, నిన్న కొన్నవాడు రేపటి సేల్ చూసి బాధపడక్కర్లేదు. 2020లో సైబర్‌పంక్ 2077 అనే భారీ గేమ్ సెప్టెంబర్‌కు వస్తుందంటే, తమ 1.0ను ఆ నెల నుంచి ఆగస్టు 14కి జరిపారు, అంటే చెప్పినదానికంటే ముందే ఇచ్చారు. ఈ రంగంలో అది వింత. కొనేముందు ఉచిత డెమో ఉంది, ఆడండి. కన్వేయర్ బెల్టులు వేస్తూ రాత్రి రెండయిందని గమనించకపోతే ఆ గేమ్ మీకోసమే. విసుగొస్తే ఎన్ని గంటలైనా అంతే, పూర్తి గేమ్ ఇంకో రకంగా ఉండదు.

స్టార్‌డ్యూ వ్యాలీ తీసిన ఎరిక్ బారోన్ గురించి వినే ఉంటారు. బొమ్మలు, సంగీతం, కోడ్, మాటలు అన్నీ ఒక్కడే, దాదాపు నాలుగున్నరేళ్లు. 2016 ఫిబ్రవరిలో విడుదల. అప్పటినుంచి వచ్చిన పెద్ద అప్‌డేట్లన్నీ, 2024 మార్చిలో వచ్చిన 1.6తో సహా, ఉచితం. మెచ్చుకోవాల్సిన మనిషే. కానీ ఆయన్ని ఉదాహరణగా చూపించి మిగతా డెవలపర్లు డీఎల్‌సీకి (గేమ్‌కు తర్వాత చేర్చే అదనపు భాగాలకు) డబ్బు అడిగితే అత్యాశ అనడం నాకు నచ్చదు. కోట్లలో కాపీలు అమ్ముడైన ఒక్క మనిషి చేయగలిగింది, ఐదుగురికి నెలనెలా జీతమిచ్చే స్టూడియో చేయలేదు. స్టీమ్ తీసుకునే 30 శాతం, పన్నులు, పబ్లిషర్ వాటా పోగా మిగిలేది మనం అనుకునేంత ఉండదు. బారోన్ తర్వాతి గేమ్ హాంటెడ్ చాకొలేటియర్‌ను 2021 అక్టోబర్‌లో ప్రకటించి, మధ్యలో స్టార్‌డ్యూ పని కోసం పక్కన పెట్టాడు. ముందస్తుగా ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు కాబట్టి ఆయన ఎంత ఆలస్యం చేసినా మనకు అడిగే హక్కు లేదంటాను.

ఆలస్యం అంటే టీమ్ చెర్రీ గుర్తొస్తుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చిన్న బృందం. హాలో నైట్ 2017 ఫిబ్రవరిలో వచ్చింది, తర్వాత నాలుగు కంటెంట్ ప్యాక్‌లు ఉచితంగా ఇచ్చారు. దాని తర్వాతి గేమ్ సిల్క్‌సాంగ్‌ను 2019లో ప్రకటించి, మధ్యలో ఏళ్ల తరబడి నోరు మెదపక, 2025 ఆగస్టులో తేదీ చెప్పి సెప్టెంబర్ 4న వదిలారు. ధర 20 డాలర్లు. ఆరోజు స్టీమ్ స్టోరే కాసేపు పడిపోయింది. కిక్‌స్టార్టర్‌లో (జనం దగ్గర చందాలు పోగేసే సైట్) డబ్బు పెట్టినవాళ్లకు ఇచ్చిన మాట ప్రకారం ఉచితంగానే ఇచ్చారు. తక్కువ మాట్లాడటాన్ని నేను తప్పుపట్టను. ప్రతి నెలా సంజాయిషీ వీడియో తీసే డెవలపర్ కంటే నయం. కానీ రెండు వారాల ముందు తేదీ చెప్పేసరికి అదే సమయానికి సిద్ధమైన చాలా చిన్న గేమ్‌లు తమ విడుదలలు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. ఇంకాస్త ముందు చెప్పి ఉండాల్సింది.

మొదటిసారి ఆడేవాళ్లకు సిల్క్‌సాంగ్ వద్దు, హాలో నైటే ముందు అంటాను. లెక్క చూడండి. సిల్క్‌సాంగ్‌లో మనం ఆడించే హార్నెట్‌కు మొదట ఐదు మాస్కులు, అంటే ఐదు ప్రాణాలు. చాలా బాస్‌లు (పెద్ద శత్రువులు) ఒక్క దెబ్బకు రెండు మాస్కులు తీస్తాయి, కాబట్టి మూడో దెబ్బకు చావు. నాలుగు ముక్కలు వెతికి పోగేసి ఆరో మాస్కు సంపాదించారనుకోండి. రెండు చొప్పున మూడు దెబ్బలకు ఆరూ పోతాయి, మళ్లీ మూడో దెబ్బకే చావు! గంటల తరబడి తిరిగి తెచ్చుకున్న బహుమతి ఆ బాస్ ముందు ఎందుకూ పనికిరాదు. ఏడో మాస్కు వస్తేనే తేడా. కోలుకోవాలంటే తొమ్మిది సిల్క్ నింపుకుని బైండ్ (గాయం మాన్పుకునే బటన్) చేస్తే మూడు మాస్కులు వస్తాయి, అంటే ఒకటిన్నర దెబ్బ. విడుదలైన కొద్దిరోజులకే వచ్చిన ప్యాచ్‌లో మొదట్లో ఎదురయ్యే ఇద్దరు బాస్‌లను, కొన్ని దెబ్బలను తగ్గించారు. ఈ మూల లెక్క మాత్రం ముట్టుకోలేదు. కావాలనే పెట్టుకున్నది కాబట్టి ముట్టుకోరు కూడా. అది తప్పని అనను, కొత్తవాళ్లకు తగదు అంటాను.

స్టూడియో పేరు మాత్రమే చూసి కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. డిస్కో ఎలీసియమ్ 2019లో వచ్చిన గొప్ప గేమ్. దాన్ని ఊహించి, రాసి, బొమ్మలు గీసిన ముఖ్యులు రాబర్ట్ కుర్విట్స్, అలెగ్జాండర్ రోస్టోవ్, హెలెన్ హింద్‌పెరె ఇప్పుడు ఆ స్టూడియోలో లేరు. అది వాళ్లు కోరుకున్న నిష్క్రమణ కాదని 2022 అక్టోబర్‌లో బయటపడింది. పేరు స్టూడియో దగ్గరే ఉంది. కాబట్టి రెండో గేమ్ కొనేముందు క్రెడిట్స్‌లో మనుషుల పేర్లు చూడండి. పబ్లిషర్ల సంగతీ అంతే. అన్నపూర్ణ ఇంటరాక్టివ్ ముద్ర ఉంటే బాగుంటుందని చాలామంది కొనేవారు (బంజారాహిల్స్ అన్నపూర్ణకు దీనికి సంబంధం లేదు). 2024 సెప్టెంబర్‌లో అక్కడి టీమ్ మొత్తం మూకుమ్మడిగా రాజీనామా చేసింది. ముద్ర అదే, ఎంపిక చేసే చేతులు వేరు.

ఒంటరిగా పనిచేసేవాళ్లలో నాకు అందరికంటే ఇష్టం లూకస్ పోప్. ఆయన పేపర్స్, ప్లీజ్ (2013)లో మీరు సరిహద్దు దగ్గర పాస్‌పోర్టులు తనిఖీ చేసే గుమస్తా. గడువు తేదీ, ఫొటో, ఊరి పేరు, ముద్ర అన్నీ సరిచూసి స్టాంప్ వేయాలి. సరిగ్గా చూసిన ఒక్కొక్కరికి 5 క్రెడిట్లు. రోజుకు రెండు తప్పులదాకా హెచ్చరికతో వదిలేస్తారు, మూడో తప్పు నుంచి జీతంలో కోత. సాయంత్రం ఆ జీతంతోనే అద్దె, తిండి, పొయ్యి. కాన్సులేట్ క్యూలో ఫైలు పట్టుకుని నిలబడ్డ అనుభవం మనవాళ్లలో చాలామందికి ఉంది, అద్దానికి అవతలివైపు ఎలా ఉంటుందో ఇందులో తెలుస్తుంది.

ఇప్పుడు నేను చెప్పిన మూడు గేమ్‌లు మీకెందుకో చూద్దాం.

బలాట్రో. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. తీసినతను లోకల్‌థంక్ అన్న పేరుతోనే ఉంటాడు, అసలు పేరు చెప్పడు. పేకముక్కలు కనిపించగానే ఇంట్లో అనుమానం రావచ్చు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం ఉంది కాబట్టి ఆ అనుమానం సహజం. ఇందులో నిజమైన డబ్బు పందెం లేదు, గేమ్‌లో కొనేదీ ఏమీ లేదు. యూరప్‌లో రేటింగ్ సంస్థ కూడా ఒక దశలో 18 ఏళ్లు దాటినవాళ్లకే అని ముద్ర వేసి, 2025 ఫిబ్రవరిలో 12కు తగ్గించింది. తన గేమ్ ఎప్పటికీ జూదం కంపెనీల చేతికి పోకూడదని వీలునామాలో రాసుకున్నట్టు లోకల్‌థంక్ చెప్పాడు.

మనకు రమ్మీ తెలిసినంతగా పోకర్ తెలియదు, ఫర్వాలేదు. రన్ ఇన్‌ఫో బటన్ నొక్కితే ఏ జతకు ఎంతో పట్టిక ఉంటుంది. పెయిర్‌కు (ఒకే అంకె ఉన్న రెండు ముక్కలు) 10 చిప్‌లు, 2 మల్ట్. ఫ్లష్‌కు (ఒకే గుర్తు ఉన్న ఐదు ముక్కలు) 35 చిప్‌లు, 4 మల్ట్. ఆడిన ముక్కల విలువ చిప్‌లకు కలుస్తుంది, ఆ మొత్తాన్ని మల్ట్‌తో గుణిస్తే స్కోరు. కొత్తవాళ్లు ఓడిపోయేది రెండుచోట్ల. ఒకటి, జోకర్ల వరుస. జోకర్లంటే స్కోరు పెంచుకోవడానికి కొనుక్కునే ప్రత్యేక ముక్కలు, ఎడమ నుంచి కుడికి పనిచేస్తాయి. పెయిర్ ఆడారు, మల్ట్ 2. ఒక జోకర్ మల్ట్‌కు 4 కలుపుతుంది, ఇంకోటి మల్ట్‌ను మూడింతలు చేస్తుంది. కలిపేది ఎడమవైపు ఉంటే 2కు 4 కలిపి మూడింతలు, అంటే 18. తారుమారైతే 6కు 4 కలిపి 10. అవే జోకర్లు, అదే చెయ్యి, దాదాపు సగం స్కోరు. రెండోది వడ్డీ. రౌండ్ అయ్యేసరికి చేతిలో ఉన్న ప్రతి 5 డాలర్లకు 1 డాలరు వడ్డీ, 25 డాలర్ల దగ్గర గరిష్ఠంగా 5. మొదటి షాపులోనే ఉన్నదంతా ఖర్చుపెడితే ఆ తర్వాత ప్రతి షాపులోనూ పేదవాడిగానే ఉంటారు. మొదటి రెండు ఆంటీల్లో (గేమ్‌లోని దశల్లో) స్కోరు ఇచ్చే ఒకటో రెండో జోకర్లు కొని, మిగతాది 25 దాకా దాచండి.

సెలెస్ట్. 2018 జనవరి. కొండెక్కే ప్లాట్‌ఫార్మర్, అంటే గెంతుతూ సాగే గేమ్. కష్టం అని పేరుంది, నిజమే, కానీ మన వేలి తప్పును గేమే చాలాసార్లు కప్పిపుచ్చుతుంది. అంచు దాటి గాల్లోకి వెళ్లాక కూడా సెకనులో పదో వంతు సేపు జంప్ నొక్కితే ఒప్పుకుంటుంది. తల పైకప్పు మూలకు తగిలితే నాలుగు పిక్సెళ్ల దాకా పక్కకు జరిపి పైకి పోనిస్తుంది. మొత్తం తెర 320×180 పిక్సెళ్లే కాబట్టి నాలుగంటే తక్కువేమీ కాదు. ఈ సంఖ్యలన్నీ ఊహలు కావు, ప్లేయర్ కోడ్‌ను డెవలపర్లే బయటపెట్టారు. గేమ్ తయారుచేయాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ఆ ఒక్క ఫైలు చదివితే చాలా నేర్చుకుంటారు. ఇంకా కష్టంగా ఉంటే అసిస్ట్ మోడ్‌లో వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు, అది వాడినందుకు గేమ్ వెక్కిరించదు. కొనేముందు దీని తొలిరూపం సెలెస్ట్ క్లాసిక్ బ్రౌజర్‌లో ఉచితంగా ఆడొచ్చు.

హాలో నైట్ గురించి ఒక్క మాటే. మొదటి రెండు మూడు గంటలు దారి తెలియక చికాకు పడతారు. మ్యాప్ అమ్మే కార్నిఫర్ దగ్గర మ్యాప్, ఊళ్లో అతని భార్య ఇసెల్డా దుకాణంలో మనం ఎక్కడున్నామో మ్యాప్‌లో చూపే వేవార్డ్ కంపాస్ కొనేదాకా తీర్పు చెప్పకండి. రెండూ లేకుండా వదిలేసినవాళ్లే ఎక్కువ.

లాప్‌టాప్ విషయం. విడిగా కార్డు లేనప్పుడు గ్రాఫిక్స్ చిప్ మీ 8 జీబీ ర్యామ్‌లోంచే వాడుకుంటుంది, కాబట్టి ఆడేముందు క్రోమ్ మూసేయండి. ఆ 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉండి రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, అదే వేగంతో ఇంకో స్టిక్ వేయించండి. రెండు స్టిక్‌లు జంటగా పనిచేస్తే ఇలాంటి గ్రాఫిక్స్‌కు తేడా బాగా తెలుస్తుంది. చార్జర్ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద ప్రాసెసర్ వేగం తగ్గుతుంది. హాలో నైట్ నత్తనడక నడిస్తే రిజల్యూషన్ 1280×720కి దించండి. బటన్ నొక్కిన కాసేపటికి కదులుతున్నట్టు అనిపిస్తే వీసింక్ (గేమ్ ఫ్రేమ్‌లను తెర వేగంతో జతకలిపే సెట్టింగు) తీసేసి, ఫ్రేమ్‌లను 60కి పరిమితం చేయండి.

ఇంకోటి, చాలామంది గేమ్‌ను తిట్టేది, అసలు దోషి వేరే: లాప్‌టాప్ కీబోర్డుల్లో కొన్ని మూడు మీటలు ఒకేసారి నొక్కితే మూడోదాన్ని గుర్తించవు. సెలెస్ట్‌లో పైకి, కుడికి, డ్యాష్ (గాల్లో దూసుకెళ్లే మీట) కలిపి నొక్కితే డ్యాష్ రాకపోవడం దీనివల్లే. డ్యాష్‌ను షిఫ్ట్ మీదకి మార్చి చూడండి, ఎక్కువ కీబోర్డుల్లో షిఫ్ట్, కంట్రోల్ మీటలకు ఈ ఇబ్బంది ఉండదు. వైరు కంట్రోలర్ ఉంటే ఇంకా మంచిది.

రిఫండ్. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటల్లోపు ఉంటే కారణం ఏదైనా డబ్బు వెనక్కి ఇస్తారు. హెల్ప్‌లో స్టీమ్ సపోర్ట్, అందులో పర్చేజెస్, అక్కడ గేమ్ ఎంచుకుని రిఫండ్ అడగండి. గుర్తుంచుకోవాల్సింది, గేమ్ తెరిచి ఉన్నంతసేపూ గడియారం తిరుగుతుంది. పాజ్‌లో పెట్టి భోజనానికి వెళ్లినా, సెట్టింగులు మారుస్తూ కూర్చున్నా అదంతా ఆడిన సమయమే. అందుకే మొదటి పావుగంటలో వేగం, కంట్రోలర్, శబ్దం చూసేయండి.

ఇదే నియమం చిన్న గేమ్‌లు తీసేవాళ్ల మెడకు చుట్టుకుంటోంది. గంటన్నరలో అయిపోయే గేమ్‌ను పూర్తిగా ఆడి, బాగుందని రివ్యూ కూడా రాసి, రిఫండ్ తీసుకునేవాళ్లున్నారు. 2021లో సమ్మర్ ఆఫ్ 58 తీసిన ఎమికా గేమ్స్ డెవలపర్ ఈ బెడద వల్లే గేమ్‌లు తీయడం ఆపేస్తున్నానని ప్రకటించాడు. నచ్చక వెనక్కిస్తే సరే, చివరిదాకా ఆడేసి వెనక్కివ్వడం దొంగతనమే, నేను వేరే పేరు పెట్టను.

గంటన్నర అంటే వెన్బా గుర్తొచ్చింది. టొరొంటోలోని విసాయ్ గేమ్స్ 2023లో తీసింది, కెనడాకు వెళ్లిన తమిళ కుటుంబం కథ, వంటే ఆట. మొదటి అధ్యాయంలోనే ఇడ్లీ. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి సరిగ్గా గుంట కింద గుంట వచ్చేలా పెడితే ఆవిరి పైకి పోదు, పక్కకు తిప్పి పెట్టాలి. మన ఇళ్లలో ఎవరూ దీన్ని పజిల్ అనుకోరు, అమెరికాలో పుట్టిన మన పిల్లలకు మాత్రం ఇది నిజంగా పజిలే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మీ అక్కయ్య పిల్లలుంటే వాళ్లకు కొనివ్వండి.

మనవాళ్ల గేమ్‌ల మీద నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. హైదరాబాద్ ఓగ్రే హెడ్ స్టూడియో 2017లో తీసిన అసురలో ప్రతి ఆటకూ మారిపోయే స్కిల్ ట్రీ మంచి ఆలోచన, కత్తి దెబ్బలో మాత్రం బరువు తెలియదు. పుణె నాడింగ్ హెడ్స్ వాళ్ల రాజీ (2020)లో తోలుబొమ్మలాట పద్ధతిలో కథ చెప్పిన తీరు అందంగా ఉంటుంది, కానీ ముగింపు ఉన్నట్టుండి తెగిపోతుంది. మీ లాప్‌టాప్‌కు అది బరువు కూడా. దేశభక్తితో ఐదు నక్షత్రాలు ఇచ్చే అలవాటు వాళ్లకు మేలు చేయదు. ఏ స్థాయిలో ఏ బగ్ వచ్చిందో రాసిన రివ్యూ వాళ్లకు పనికొస్తుంది. ఏటా జరిగే ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్‌కు వెళ్తే ఇలాంటి టీమ్‌ల డెమోలు ఆడి, తీసినవాళ్లతోనే మాట్లాడొచ్చు.

చివరగా ఫోన్. బలాట్రో, స్టార్‌డ్యూ వ్యాలీ, టెర్రారియా, డెడ్ సెల్స్, స్లే ద స్పైర్ అన్నీ ఆండ్రాయిడ్‌లో ఉన్నాయి. బలాట్రో ఫోన్‌లోనే ఇంకా బాగుంటుంది. పేపర్స్, ప్లీజ్‌ను ఫోన్ నిలువుగా పట్టుకుని ఆడేలా మళ్లీ అమర్చారు. స్లే ద స్పైర్‌లో అక్షరాలు చిన్నవి, ఆరంగుళాల తెర మీద కళ్లు లాగుతాయి. డెడ్ సెల్స్ టచ్ మీద ఆడాల్సివస్తే సెట్టింగుల్లో ఆటో-హిట్ పెట్టుకోండి. డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే వాంపైర్ సర్వైవర్స్ ఫోన్‌లో ఉచితం, ప్రకటనలు మీరు కావాలనుకుంటేనే వస్తాయి. దానికి నకళ్లు బోలెడు, నకళ్ల బెడద వల్లే ఫోన్ వెర్షన్ త్వరగా తెచ్చామని డెవలపర్లే చెప్పారు. ప్లే స్టోర్‌లో వెతికినప్పుడు గేమ్ పేరు కింద చిన్న అక్షరాల్లో పోంకిల్ అని ఉందో లేదో చూసి ఇన్‌స్టాల్ చేయండి. బలాట్రోకు ప్లేస్టాక్, స్టార్‌డ్యూకు కన్సర్న్‌డ్‌ఏప్ అని ఉండాలి.